బాలి వెళ్తున్నారా? గుడి, తీర్థం, నాట్యం, పొలం: హడావుడి లేకుండా సరిగ్గా చూసే పద్ధతి

బాలి టికెట్లు బుక్ చేసుకున్నాక అందరూ అడిగేది ఒకటే, ఏమేం చూడాలి అని. అసలు ముందు తేల్చుకోవాల్సింది ఏది ఎప్పుడు, ఏ వరుసలో చూడాలి అన్నది. రోజుకి ఆరు చోట్లు పెట్టుకుని, కారులో సగం రోజు ట్రాఫిక్‌లో గడిపి, ప్రతి గుడి ముందూ ఒక ఫోటో దిగి వచ్చేస్తే బాలి చూసినట్టు కాదు. అక్కడి గుళ్లు ఇప్పటికీ పూజలు జరిగే గుళ్లు, నాట్యాలు ఇప్పటికీ పండక్కి ఆడే నాట్యాలు. వాటికి వేళ ఉంది, మర్యాద ఉంది. అవి తెలిసి వెళ్తే తక్కువ చోట్లు చూసినా కడుపు నిండుతుంది.

నైట్ క్లబ్బులు, బీచ్ పార్టీలు ఇందులో లేవు. వాటికి గైడ్ అక్కర్లేదు.

1. టికెట్ కొనే ముందు బాలి పంచాంగం చూడండి

వానలు సుమారుగా నవంబరు నుంచి మార్చి వరకు, పొడి కాలం ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ, గదుల రేట్లూ ఎక్కువ. మే, జూన్, సెప్టెంబరు నా లెక్కలో మంచి నెలలు. వాతావరణం గురించి ఇంత తెలిస్తే చాలు.

పండగల సంగతి మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. బాలిలో రెండు పంచాంగాలు నడుస్తాయి. ఒకటి చంద్రుణ్ణి బట్టి నడిచే శక సంవత్సరం. దాని కొత్త ఏడాది రోజే న్యెపి. ఆ రోజు ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా దీవి మొత్తం మౌనం. విమానాశ్రయం మూసేస్తారు, ఎవరూ బయటికి రాకూడదు, మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తారు. హోటల్ ఆవరణ దాటడానికి వీల్లేదు. 2026లో మన ఉగాది, వాళ్ల న్యెపి రెండూ మార్చి 19నే వచ్చాయి. ప్రతి ఏడూ ఇలా కలవవు, ఒక్కోసారి నెల తేడా కూడా ఉంటుంది, కాబట్టి ఉగాది తేదీ చూసి లెక్కేసుకోవద్దు. మార్చిలో వెళ్లేవాళ్లు న్యెపి తేదీ చూడకుండా విమానం టికెట్ కొనకండి.

అలాగని న్యెపిని తప్పించుకోమని చెప్పను. వీలైతే దానికోసమే వెళ్లండి. మూడు నాలుగు రోజుల ముందు దేవుళ్లను ఊరేగింపుగా సముద్రానికి తీసుకెళ్లే మెలాస్తి, ముందు రోజు సాయంత్రం వీధుల్లో తిప్పే ఒగోహ్-ఒగోహ్ రాక్షస బొమ్మలు, మర్నాడు దీపం కూడా లేని చీకట్లో ఆకాశం నిండా నక్షత్రాలు. ముందు రోజే తిండి, నీళ్లు, పిల్లలకి ఆటవస్తువులు గదిలో సర్దుకోవాలి, అంతే.

రెండో పంచాంగం 210 రోజులది. గలుంగన్, కునింగన్ పండగలు దాని ప్రకారం వస్తాయి. గలుంగన్ ఎప్పుడూ బుధవారమే, పది రోజుల తర్వాత శనివారం కునింగన్. ఆ రోజుల్లో ప్రతి ఇంటి ముందూ పెంజోర్ అనే వంగిన వెదురు గడలు, కొబ్బరాకు అల్లికలతో నిలబెడతారు, వీధంతా పందిరి వేసినట్టు ఉంటుంది. 2026లో గలుంగన్ జూన్ 17న, ఆ తర్వాతిది 2027 జనవరి 13న. గలుంగన్ రోజు, దాని మర్నాడు డ్రైవర్లు, చిన్న హోటళ్లవాళ్లు సొంత ఊళ్లకు వెళ్లిపోతారు. ఆ రెండు రోజులూ దూర ప్రయాణాలు పెట్టుకోకుండా ఉన్న ఊళ్లోనే నడవండి.

2. కాగితాలు, డబ్బు

మన పాస్‌పోర్టుకి వీసా ఆన్ అరైవల్ ఉంది. 5 లక్షల రుపియా, 30 రోజులు, ఇంకో 30 రోజులు ఒకసారి పొడిగించుకోవచ్చు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో తీసుకుంటే అక్కడ ఒక క్యూ తగ్గుతుంది. అధికారిక ఇమిగ్రేషన్ సైటులోనే తీసుకోండి, అదే పేరుతో ఎక్కువ డబ్బు లాగే సైట్లు బోలెడు.

బయల్దేరే ముందు ఇవి సరిచూసుకోండి:

- పాస్‌పోర్టుకి ఇంకా కనీసం 6 నెలల గడువు, ఖాళీ పేజీలు
- తిరుగు టికెట్ ప్రింటు
- బాలి ప్రవేశ రుసుము 1.5 లక్షల రుపియా. 2024 ఫిబ్రవరి 14 నుంచి ప్రతి విదేశీ యాత్రికుడికీ ఉంది, పిల్లలకీ ఇదే. లవ్ బాలి సైటులో కట్టి క్యూఆర్ కోడ్ ఫోన్లో దాచుకోండి
- దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాల్సిన ఆల్ ఇండోనేషియా ఆన్‌లైన్ ఫారం
- ఆసుపత్రి ఖర్చు కవరయ్యే ప్రయాణ బీమా

డబ్బు లెక్కకి సులువైన గుర్తు: లక్ష రుపియా అంటే మన 500, 600 మధ్య. సున్నాలు చూసి కంగారు పడొద్దు. నోటు ఇచ్చేటప్పుడు మాత్రం పైకి చెప్పి ఇవ్వండి, పదివేల నోటూ లక్ష నోటూ చీకట్లో తేలిగ్గా మారిపోతాయి.

బయట రేటు కంటే బాగా ఎక్కువిస్తామని బోర్డు పెట్టిన సందులో దుకాణాలకి వెళ్లొద్దు. లెక్కపెట్టేటప్పుడు బల్ల వెనక్కి కొన్ని నోట్లు జార్చేయడం వాళ్ల పాత విద్య. పెద్ద అద్దాల దుకాణం, లైసెన్సు బోర్డు, రసీదు, ఈ మూడూ ఉన్నచోట మార్చి, ఆఖరుసారి లెక్కపెట్టింది మీరే అయ్యేట్టు చూసుకోండి. అక్కడి ఏటీఎంలు చాలావరకు ముందు డబ్బిచ్చి తర్వాత కార్డిస్తాయి. డబ్బు తీసుకుని కార్డు వదిలి నడిచేసేవాళ్లు ఎందరో.

3. మకాం: ముందు ఉబుద్, తర్వాత దక్షిణం

ఎక్కువమంది దక్షిణాన బీచ్ ఊళ్లయిన కుటాలోనో సెమిన్యాక్‌లోనో ఒకే గది తీసుకుని రోజూ అక్కడి నుంచే తిరుగుతారు. ఇదే పెద్ద పొరపాటు. గుళ్లు, నాట్యాలు, పొలాలు చాలావరకు దీవి మధ్యలో ఉన్న ఉబుద్‌కి దగ్గర. విమానాశ్రయం నుంచి ఉబుద్‌కి ముప్పై నలభై కిలోమీటర్లే అయినా గంటన్నర పడుతుంది. ఉబుద్ నుంచి దక్షిణ కొసన ఉన్న ఉలువాటు రెండు గంటల పైమాటే.

వారం ఉంటే ఉబుద్‌లో నాలుగు రాత్రులు, చివర్లో రెండు మూడు రాత్రులు దక్షిణాన జింబారన్, ఉలువాటు వైపు. తిరుగు విమానానికి అక్కడి నుంచి దగ్గర కూడా. హైదరాబాదు, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు కౌలాలంపూర్, సింగపూర్ మీదుగానో, బెంగళూరు నుంచి నేరు విమానంలోనో వస్తారు కాబట్టి దిగిన రోజు నిద్ర లేక తల తిరుగుతూ ఉంటుంది. ఆ రోజు ఏ కార్యక్రమమూ వద్దు. గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పుకుని పడుకోండి.

స్కూటర్ అద్దెకి దొరుకుతుంది, అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. కానీ బైకుకి చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకపోతే పోలీసులు ఆపడం ఒకటి, ప్రమాదం జరిగితే బీమా రాకపోవడం ఇంకొకటి. మన దగ్గర ఆర్టీఏలో తీసుకోవచ్చు. కుటుంబంతో అయితే డ్రైవరుతో కారే మేలు, రోజుకి సుమారు 6 నుంచి 8 లక్షల రుపియా. ఎన్ని గంటలు, పెట్రోలు ఎవరిది, పార్కింగ్ ఎవరిది అన్నది ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా మాట్లాడుకోండి. దారిలో వెండి దుకాణం, కాఫీ తోట వద్దు అని కూడా అప్పుడే మర్యాదగా చెప్పేయండి.

4. గుడికి వెళ్లే పద్ధతి

నడుముకి చుట్టే కామెన్, దాని మీద కట్టే సెలెందాంగ్ అనే పట్టీ, ఈ రెండూ ఆడా మగా అందరికీ. గుళ్ల దగ్గర అద్దెకి ఇస్తారు, ఉబుద్ బజారులో కొనుక్కుంటే వారమంతా పనికొస్తుంది. భుజాలు కప్పే చొక్కా ఉండాలి. మగవాళ్లు ప్రార్థన చేయాలనుకుంటే తలకి ఉదెంగ్ కట్టుకుంటే బాగుంటుంది. మన పంచె గానీ చీర గానీ ఉంటే అదీ పనికొస్తుంది, పైన పట్టీ మాత్రం కట్టాలి.

నెలసరిలో ఉన్న ఆడవాళ్లు లోపలికి రాకూడదని చాలా గుళ్ల బయట బోర్డు ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పోయి మైల తీరనివాళ్లకీ అదే నియమం. వాళ్ల నియమాలతో మీరు ఏకీభవించినా లేకపోయినా అక్కడ అతిథిగా పాటించాల్సిందే. ఇంట్లో ఆడవాళ్లని అడిగి, తీర్థ స్నానం రోజుని అటో ఇటో జరుపుకుంటే టెన్షన్ ఉండదు.

గుడికి సాధారణంగా మూడు ఆవరణలు. బయటిది అందరిదీ, మధ్యది సిద్ధం చేసుకునేది, లోపలిది ప్రార్థనకి. టూరిస్టుల్ని లోపలి ఆవరణలోకి చాలాచోట్ల రానివ్వరు. మీరు నిజంగా దండం పెట్టుకోవాలనుకుంటే తెల్లబట్టల్లో ఉండే పూజారిని, పెమాంగ్కు అంటారు, కలిసి చేతులు జోడించి 'ఓం స్వస్తియస్తు' అని, ఇండియా నుంచి వచ్చిన హిందువులమని చెప్పండి. బట్టలు సరిగ్గా ఉంటే చాలాచోట్ల సంతోషంగా పిలుస్తారు.

ప్రార్థన ఇలా ఉంటుంది. కింద కూర్చుంటారు. అగరొత్తి పొగ మీద చేతులు ఆనించి, ఐదుసార్లు నమస్కారం. మొదటిసారి వట్టి చేతులతో, రెండోది తెల్లపువ్వు పట్టుకుని సూర్యుడికి, మూడు నాలుగు పూలతోనో క్వాంగెన్ అనే చిన్న ఆకు పొట్లంతోనో, ఐదోది మళ్లీ వట్టి చేతులతో. తర్వాత పూజారి నీళ్లు చల్లుతారు. కుడి అరచెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద పెట్టి మూడుసార్లు తీర్థం తీసుకుని, మిగిలింది ముఖానికి, తలకి రాసుకోవాలి. చివర్లో తడి బియ్యం ఇస్తారు, నుదుటికి అద్దుకోవడమే. పక్కనున్న పెద్దావిడ ఏం చేస్తే అది చెయ్యండి, ఎవరూ తప్పు పట్టరు.

చేయకూడనివి:

- దండం పెట్టుకునేవాళ్ల ముందు నుంచి నడవడం, ఫ్లాష్ వేయడం
- ఫోటో కోసం గోడ మీదో, మెట్టు మీదో పూజారి కంటే ఎత్తున నిలబడటం
- నేల మీద పెట్టిన చనాంగ్ సారిని తొక్కడం

ఈ చనాంగ్ సారి ప్రతి గుమ్మం ముందూ, కారు డాష్‌బోర్డు మీదా, చివరికి ఏటీఎం పక్కనా కనిపిస్తుంది. అరచేతంత కొబ్బరాకు పళ్లెం, తూర్పున తెల్ల పూలు, దక్షిణాన ఎర్రవి, పడమర పసుపువి, ఉత్తరాన నీలమో ఆకుపచ్చో, మధ్యలో సన్నగా తరిగిన ఆకు, కాసిని బియ్యం, ఒక్కోసారి బిస్కెట్టు. పైన అగరొత్తి. పొద్దున్నే ఆడవాళ్లు పువ్వుతో నీళ్లు చిలకరించి, మూడు వేళ్లతో పొగని దేవుడి వైపు తోస్తారు. ఉబుద్‌లో దీన్ని అల్లడం నేర్పే క్లాసులు ఉన్నాయి, పిల్లలతో వెళ్తే రెండు గంటలు తెలియకుండా గడిచిపోతాయి.

5. తీర్త ఎంపుల్‌లో స్నానం, వరుస తప్పకుండా

తంపక్‌సిరింగ్‌లో ఉన్న ఈ ఊట గుడి కోసమైనా ఒక పూట పూర్తిగా ఉంచండి. ఉబుద్ నుంచి అరగంట, నలభై నిమిషాలు. తెరిచే వేళకే గుమ్మం దగ్గరుండాలి. పది దాటితే టూరు బస్సులొస్తాయి, ఒక్కో ధార దగ్గర పది నిమిషాలు నీళ్లలో వణుకుతూ నిలబడాలి.

1. పొడి బట్టలు, తువ్వాలు, నీళ్లలోకి లోపల వేసుకునే టీషర్టు, నిక్కరు తెచ్చుకోండి. ఈత దుస్తులు మాత్రమే వేసుకుని దిగనివ్వరు.
2. టికెట్ దగ్గర ఇచ్చే కామెన్ లోపల తిరగడానికి. నీళ్లకి వేరే ఆకుపచ్చ కామెన్, లాకరు అద్దెకిస్తారు.
3. దిగే ముందు నైవేద్యం పెట్టి, గట్టు మీద కూర్చుని దండం పెట్టుకోండి. ఇది వదిలేసి నేరుగా దూకేసేవాళ్లే ఎక్కువ.
4. ఎడమ చివరి ధారతో మొదలుపెట్టి కుడి వైపుకి వెళ్లాలి. ప్రతి ధార దగ్గరా చేతులు జోడించి, ముఖం కడుక్కుని, తల ధార కింద పెట్టాలి. నీళ్లు మింగొద్దు.
5. మొదటి కొలనులో చివరి వైపు రెండు ధారలు చనిపోయినవాళ్ల కర్మలకి. వాటిని వదిలేయాలి. ఏవో తెలియకపోతే ముందున్న స్థానికులు ఎక్కడ దాటేస్తున్నారో చూడండి.
6. బయటికొచ్చి, పొడి బట్టలు మార్చుకుని, పై ఆవరణకి వెళ్లండి. అక్కడ ఇసుకలోంచి నీళ్లు బుడబుడమంటూ ఊరే కొలను ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు.

నీళ్లలో నిలబడి సెల్ఫీలు వద్దు. గట్టు మీద ఒకరు ఒకటి రెండు ఫోటోలు తీస్తే చాలు, వెనకాల ఎవరో తమ కష్టం చెప్పుకుంటూ కళ్లు మూసుకుని నిలబడి ఉంటారు.

అక్కడి నుంచి గునుంగ్ కావి కూతవేటు దూరం. కొండని తొలిచి చెక్కిన 11వ శతాబ్దపు స్మారకాలు, కిందికి బోలెడు మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైనే కూర్చోబెట్టండి, ఎక్కేటప్పుడు చాలా కష్టం.

6. ఉలువాటులో కెచాక్

కెచాక్ నాట్యంలో ఆడేది రామాయణమే. వాయిద్యం ఒక్కటీ ఉండదు, పదుల కొద్దీ మగవాళ్లు గుండ్రంగా కూర్చుని 'చక్ చక్ చక్' అంటూ గొంతులతోనే తాళం పుట్టిస్తారు. సీతాపహరణం, హనుమంతుడి మంటలు మనకి కథ చెప్పక్కర్లేదు, అందుకే మనవాళ్లు దీన్ని మిగతావాళ్లకంటే బాగా అందుకుంటారు. ఉలువాటు గుడి పక్కన, కొండ అంచున ఉన్న అరుగు మీద సాయంత్రం 6కి మొదలవుతుంది. టికెట్ 1.5 లక్షల రుపియా, గుడి ప్రవేశం వేరు.

టికెట్ ముందే ఆన్‌లైన్లో కొని, 4.30కల్లా చేరండి. ముందు గుడి చుట్టూ నడిచి, 5.15కి లోపల కూర్చోండి. సూర్యాస్తమయం కనిపించే పై వరుసలు ముందు నిండుతాయి. కింది వరుసల్లో నిప్పు రవ్వలు దగ్గర పడతాయి, చిన్నపిల్లలతో వద్దు.

ఇక కోతులు. కళ్లజోడు, ఫోను, టోపీ, చెవి కమ్మలు, ఏది తళుక్కుమన్నా లాగేస్తాయి. పవర్ కళ్లజోడు ఉన్నవాళ్లు తాడు కట్టుకోండి, లేదా గుడి చుట్టూ నడిచేంతసేపూ సంచిలో పెట్టుకోండి. లాక్కుంటే వెంటపడొద్దు. అక్కడి సిబ్బంది పండు చూపించి వెనక్కి తీసుకుంటారు.

ఆట అవ్వగానే వందలమంది ఒకే దారిలోకి వస్తారు, యాప్ కారు దొరకదు. డ్రైవరుని ఉంచుకుని, ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

7. తోలుబొమ్మ, లెగోంగ్, క్లుంగ్‌కుంగ్ పైకప్పు

ఉబుద్ రాజభవనం ఆవరణలో రాత్రి 7.30కి నాట్యం ఉంటుంది, ముప్పావు గంట ముందే వెళ్తే ముందు వరుస. అమ్మాయిలు ఆడే లెగోంగ్ నాట్యం ఉన్న రోజు ఎంచుకోండి. ఆ పిల్లల కళ్లు, వేళ్ల చివర్లు చూడాలంటే దగ్గరే కూర్చోవాలి.

వాయాంగ్ కులిత్ అంటే వాళ్ల తోలుబొమ్మలాట. మన నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. మనవాటిలో రంగుల్లోంచి వెలుగు దూసుకొస్తుంది, వాళ్లవాటిలో తోలుకి పొడిచిన చిల్లుల్లోంచి. దేవుళ్లు, రాజులు 'కవి' అనే పాత జావా భాషలో మాట్లాడితే త్వాలెన్, మెర్దా లాంటి సేవకులు దాన్ని జనం భాషలో హాస్యంగా విప్పి చెబుతారు. మన కేతిగాడు, బంగారక్క చేసే హంగామా గుర్తున్నవాళ్లకి భాష రాకపోయినా నవ్వొస్తుంది. కాసేపు తెర ముందు చూసి, అడిగి వెనక్కి వెళ్లండి. ఒక్క మనిషి, దలాంగ్, దీపం ముందు కూర్చుని అన్ని గొంతులూ తనే పలుకుతూ, కాలి వేళ్ల మధ్య పట్టుకున్న సుత్తితో పెట్టెని కొడుతూ తాళం వేస్తుంటాడు.

తూర్పు వైపు వెళ్లే రోజు క్లుంగ్‌కుంగ్‌లో కెర్త గోస ముందు ఆగండి. పాత న్యాయ మండపం. పైకప్పు నిండా కామసాన్ శైలి బొమ్మలు: భీముడు తండ్రి పాండురాజు, సవతి తల్లి మాద్రి ఆత్మల్ని విడిపించడానికి యమలోకం వెళ్లిన కథ, దారిలో పాపులకు పడే శిక్షలు. మెడ నొప్పి పుడుతుంది, అయినా కింది వరుస నుంచి పైకి చూసుకుంటూ వెళ్లండి.

8. జతిలువిహ్ పొలాలు

ఉబుద్ దగ్గరి తెగల్లలాంగ్ మెట్ల పొలాల కంటే జతిలువిహ్ మేలు. దూరం ఎక్కువ, జనం తక్కువ, ఊయలలు తక్కువ. సుబక్ అనే వాళ్ల నీటి సంఘాల పద్ధతికి 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అందులో ఇదొక భాగం. గోదావరి జిల్లాల వాళ్లకి వరి కొత్త కాదు గానీ, పై మడి నుంచి కింది మడికి నీళ్లు ఎలా పంచుతున్నారో, వంతు మారే చోట చిన్న గుడి ఎందుకుందో చూస్తూ గంటన్నర నడిస్తే గట్టు విలువ తెలిసినవాళ్లకి చాలా బాగుంటుంది. నాటిన మడి గట్లు మెత్తగా ఉంటాయి, గుర్తులు పెట్టిన దారిలోనే నడవండి. అదే రోజు బెడుగుల్‌లో సరస్సు ఒడ్డున ఉలున్ దను గుడి కలుపుకోండి. అక్కడ చలి, శాలువా ఉండాలి.

9. శాకాహారులకి తిండి

'వెజిటేరియన్' అంటే సరిపోదు. సంబల్ అనే కారం పచ్చడిలో తెరాసి అనే రొయ్యల ముద్ద వేస్తారు. కాగితం మీద రాసి చూపించండి: 'తన్పా దాగింగ్, తన్పా ఇకాన్, తన్పా తెరాసి, తన్పా తెలుర్'. అంటే మాంసం, చేప, రొయ్యల ముద్ద, గుడ్డు వద్దు అని. సోయాతో చేసే తెంపె, తాహు వేసిన నాసి చంపుర్ అన్నం, వేరుసెనగ పులుసుతో కూరముక్కల గాడో గాడో రెండూ మన నోటికి పడతాయి. కూరలు, కొబ్బరి, మాంసం తరిగి కలిపే లావార్‌లో తరచూ రక్తం కూడా కలుపుతారు, అడగకుండా తినొద్దు. కుళాయి నీళ్లు తాగొద్దు, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోండి. కందిపొడి, నిమ్మకాయ పచ్చడి చిన్న డబ్బాలో తెచ్చుకుంటే నాలుగో రోజు ఇంట్లో పెద్దవాళ్లు మీకు దండం పెడతారు.

10. తరచూ జరిగే పొరపాట్లు, అప్పటికప్పుడు సర్దుబాట్లు

లెంపుయాంగ్ గుడి 'స్వర్గ ద్వారం' ఫోటోలో కనిపించే సరస్సు అక్కడ లేదు. ఫోను కింద అద్దం పెట్టి తీస్తారు. ఆ ఒక్క ఫోటోకి గంటల కొద్దీ క్యూ. ఆ పూటని బాలిలో అతి పెద్ద గుడి బెసాకిహ్‌కి ఇవ్వండి. అక్కడ టికెట్లోనే కామెన్, గైడు కలిసి ఉంటాయి. గుమ్మం దగ్గర ఎవరైనా అదనంగా విరాళం అడిగితే టికెట్ చూపించి ముందుకి నడవండి.

వాన పట్టిందా? పొలం రోజుని వదిలేసి చెక్క పనికి మాస్ ఊరు, చిత్రాలకి బతువాన్ ఊరు పెట్టుకోండి. అన్నీ పైకప్పు కిందే.

దారిలో ఊరేగింపు అడ్డొస్తే హారన్ కొట్టించకండి. కారు దిగి, పక్కన నిలబడి చూడండి. గుడిలో ఒడాలన్, అంటే ఆ గుడి పుట్టినరోజు ఉత్సవం, జరుగుతుంటే కామెన్ కట్టుకుని బయటి ఆవరణలో కూర్చోవచ్చు. ఆ సాయంత్రానికి టికెట్ కొన్న ప్రదర్శన ఉన్నా దాన్ని వదిలేసి ఇక్కడే ఉండిపోండి. టికెట్ పెట్టి చూసే నాట్యం గంటలో అయిపోతుంది. ఇక్కడ అర్ధరాత్రి దాకా గామెలాన్ వాద్యమేళం మోగుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు మీకు కూడా కాఫీ, అరటాకులో చుట్టిన పిండివంట తెచ్చి చేతిలో పెడతారు. రెండు చేతులతో అందుకుని 'మతుర్ సుక్సమ', అంటే ధన్యవాదాలు, అనండి.